పూత మేస్త్రిని పని మధ్యలో చూడాలి

కొత్తగా పూసిన గోడ ఎవరి చేతిదైనా బాగానే ఉంటుంది. పుట్టీ పట్టించి రంగు వేశాక ఇంకా బాగుంటుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత సిమెంటు పూతకు సరిపోయినట్టు మరి దేనికీ సరిపోదు. ఇటుకకు అతుక్కోని పూత, ఇసుక ఎక్కువైన పూత, తడి చాలక పిండిలా రాలే పూత, అన్నీ మొదటి కొన్ని నెలలు ఒకేలా కనిపిస్తాయి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటాకే ఏది ఏదో తెలుస్తుంది. అప్పటికి మేస్త్రి లెక్క ముగిసిపోయి, ఆయన ఇంకో ఊళ్లో పరంజా మీద ఉంటాడు.

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పట్టణాల్లో ఇల్లు కట్టించుకునే తెలుగువాళ్లు చాలామంది మేస్త్రి ఫోనులో ఫొటోలు చూసి బేరం కుదుర్చుకుంటారు. ఆ ఫొటోల్లో కనిపించేది ఎక్కువ భాగం పెయింటరు పనితనం. పూత మేస్త్రిని తూచాలంటే ఆయన ప్రస్తుతం పని చేస్తున్న ఇంటికి, పొద్దున పదకొండింటి వేళ, ముందుగా చెప్పకుండా వెళ్లాలి. గోడ సగం పూసి సగం ఖాళీగా ఉండే ఆ సమయంలో దాచడానికి ఏమీ ఉండదు.

మొదట చూడవలసింది ఇంకా పూయని గోడను. ఇటుకల మధ్య అతుకులు 10 నుంచి 12 మిల్లీమీటర్ల లోతు గీకి ఉన్నాయా? గీకిన పొడిని చీపురుతో దులిపారా? ఇటుకల పని జరుగుతున్నప్పుడే, మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) పచ్చిగా ఉండగా గీకితే అర నిమిషం పని. ఎండిపోయాక ఉలి పట్టాలి, అందుకే చాలామంది వదిలేస్తారు. పూత గోడను పట్టుకునేది ఆ గాళ్లలోనే. కాంక్రీటు స్తంభాలు, దూలాల మీద ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు ఉండాలి. సెంట్రింగు రేకులకు పూసిన నూనె మరక కాంక్రీటు మీద కనిపిస్తుంటే, దాన్ని తీగ బ్రష్‌తో రుద్ది కడగాలి. నూనె మీద పూసిన పూత తట్టగానే డొల్లగా మోగుతుంది.

తరవాత గోడ మీద చెయ్యి పెట్టి చూడాలి. ముందు రోజు సాయంత్రం బాగా తడిపి, పూసే ముందు మరోసారి నీళ్లు చల్లిన గోడ చల్లగా, చెమ్మగా ఉంటుంది గానీ నీరు కారుతూ ఉండదు. పొడి ఇటుక మాలులోని నీటిని నిమిషాల్లో పీల్చేస్తుంది. సిమెంటు గట్టిపడటానికి కావలసిన నీరే పోతే, పూత గోరుతో గీకితే రాలిపోతుంది. అలాగని నీరు కారే గోడ మీద పూస్తే మాలు జారి కిందికి కుంగి, అడ్డంగా చీలుతుంది. పూయడానికి పది నిమిషాల ముందు మగ్గుతో రెండుసార్లు చిలకరించి పని మొదలుపెట్టే మేస్త్రిని అక్కడికక్కడే వదిలేయవచ్చు. మిగతావి చూడనక్కర్లేదు.

గోడ మీద అక్కడక్కడా అరచేతి వెడల్పు మాలు బిళ్లలు కనిపిస్తే మంచి గుర్తు. పూత మందం ఎంత రావాలో గుండు వేలాడదీసి, దారం లాగి, సుమారు 2 మీటర్లకొకటి చొప్పున ముందే పెట్టుకునే గుర్తులవి. వాటి మధ్య మాలు కొట్టి, అల్యూమినియం బద్దతో కింది నుంచి పైకి లాగి కోస్తే గోడ ఒకే సమంగా వస్తుంది. ఆ బిళ్లలు లేకుండా కంటి అంచనాతో పూసే మేస్త్రి చేయి ఎంత తిరిగినదైనా, గది మూల దగ్గర మందం 10 మిల్లీమీటర్లు, మధ్యలో 25 అవుతుంది. అల్మరా పెట్టినప్పుడు, గోడకు టైల్స్ అతికించినప్పుడు ఆ వంకర బయటపడుతుంది.

బద్ద ఆయన సొంతమా, ఇంటివాళ్లను కొనమన్నాడా అని కూడా చూడాలి. ఆరడుగులకు తగ్గని నిటారు బద్ద, గుండు, రసమట్టం, నీళ్ల పైపు మట్టం, మూలమట్టం, రుద్దే చెక్క, జల్లెడ, ఇవి సొంతంగా ఉన్నవాడు ఈ పనినే నమ్ముకున్నవాడు. తాపీ ఒక్కటే సంచిలో వేసుకొచ్చేవాడు ఇటుకల పనికి పనికిరావచ్చు. పూత వేరే విద్య.

ఇక మాలు గుట్ట. ఒకటికి ఆరు అని నోటితో అందరూ అంటారు. కొలిచేది ఎవరు? 50 కిలోల సిమెంటు బస్తా ఘనపరిమాణం సుమారు 35 లీటర్లు. అంత పట్టే చెక్కపెట్టె చేయించి, బస్తాకు ఆరు పెట్టెల ఇసుక పోస్తేనే అది ఒకటికి ఆరు. తట్టలతో కొలిస్తే, కూలివాడు నింపే తీరును బట్టి ఐదూ కావచ్చు, ఎనిమిదీ కావచ్చు. తడి ఇసుక పొంగుతుందన్న సంగతి కూడా ఉంది. కాస్త చెమ్మ ఉన్న ఇసుక పొడి ఇసుక కంటే పావు వంతు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి చెమ్మ ఇసుకను పెట్టెతో కొలిచేటప్పుడు కొంచెం ఎక్కువ పోసుకోవాలి. ఈ మాట మేస్త్రి తనంతట తాను చెబితే ఆయన పని తెలిసినవాడే.

సిమెంటు, ఇసుక పొడిగా ఉండగానే రంగు ఒక్కటయ్యేదాకా తిరగేసి, ఆ తరవాతే నీళ్లు పోయాలి. నీళ్లు పోశాక ఎంత తొందరగా వాడితే అంత మంచిది, 2 గంటలు దాటకూడదు. భోజనానికి ముందు కలిపి మిగిలిన మాలులో మధ్యాహ్నం మళ్లీ నీళ్లు పోసి మెత్తబరిచి పూయడం ఎక్కడ చూసినా ఉన్న జబ్బు. మెత్తబడుతుంది గానీ, విరిగిన పట్టు తిరిగి రాదు. పూస్తుండగా కింద రాలిన మాలు శుభ్రమైన రేకు మీదో గోనె మీదో పడితే వెంటనే ఎత్తి వాడుకోవచ్చు. మట్టి నేల మీద పడిందాన్ని ఎత్తి గోడకు కొడుతుంటే అడగాల్సిందే.

పదకొండింటికి వెళ్లినప్పుడు కనిపించే మరో దృశ్యం: తాజా పూత మీద మేస్త్రి పిడికిలితో పొడి సిమెంటు చల్లి, రుద్దే చెక్కతో గుండ్రంగా తిప్పుతుంటాడు. మాలులో నీళ్లు ఎక్కువై పని ఆలస్యమవుతోందని, తడి పీల్చుకోవడానికి చల్లుతాడు. గోడ అద్దంలా నున్నగా వస్తుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. పైపొరలో సిమెంటు ఎక్కువ, లోపల తక్కువ అయ్యేసరికి రెండూ ఒకేలా కుంచించుకోవు. నాలుగు వారాల్లో సాలెగూడులాంటి సన్న నెర్రెలు గోడంతా పరుచుకుంటాయి. పుట్టీ, రంగు వేయబోయే గోడ అంత నున్నగా ఉండనక్కర్లేదు కూడా. కాస్త గరుకుగా ఉంటేనే పుట్టీ పట్టుకుంటుంది.

ఈ ప్రాంతపు గోడలు, ఇసుక, సిమెంటు

దక్షిణ ఒడిశాలో ఇప్పుడు కొత్త ఇళ్లకు బూడిద ఇటుక (ఫ్లై యాష్ ఇటుక) బాగా వాడుతున్నారు. అంచులు తీరుగా ఉంటాయి కాబట్టి 12 మిల్లీమీటర్ల పూత చాలు, సిమెంటు కలిసొస్తుంది. అయితే ముఖం నున్నగా ఉంటుంది, పట్టు తక్కువ. అతుకులు గీకకుండా ఈ గోడను పూస్తే ఎర్ర ఇటుక గోడ కంటే తొందరగా డొల్లబారుతుంది. కొందరు మేస్త్రులు ముందు సిమెంటు, ముతక ఇసుక కలిపిన పలుచని మాలును చిమ్మి, గోడను గరుకు చేసి, మర్నాడు పూస్తారు. ఆ ఒక్క రోజు ఆలస్యానికి ఇంటివాళ్లు గొణగకూడదు.

ఎర్ర ఇటుకలో తేడాలు ఎక్కువ. ఇటుక పొడవంత మందంతో కట్టిన గోడ ఒక ముఖం సమంగా, రెండో ముఖం ఎగుడుదిగుడుగా వస్తుంది. సమంగా ఉన్న వైపు 12, ఎగుడుదిగుడు వైపు 15 మిల్లీమీటర్లు లెక్క. ఇక ఒడియాలో మాంకడా పథర అనే తుప్పురంగు రాయితో కట్టిన గోడ గుంతలమయం. దాన్ని ఒకే దెబ్బకు 25 మిల్లీమీటర్లు పూస్తే బరువుకు జారుతుంది. మొదటి పూత వేసి, పచ్చిగా ఉండగానే తీగతో అలలు అలలుగా గీతలు గీసి, కొన్ని రోజులు తడిపి, అప్పుడు రెండో పూత. 20 మిల్లీమీటర్లు దాటే ఏ పూతనైనా రెండుసార్లుగా వేస్తానని మేస్త్రి చెప్పాలి.

పర్లాకిమిడి పాత వీధుల్లో మట్టితోనో సున్నంతోనో కట్టిన ఇళ్లకు మరమ్మతు చేయిస్తుంటే, సిమెంటు పూతే వద్దని చెప్పే మేస్త్రి దొరికితే అదృష్టం. ఆ గోడలు కింది నుంచి చెమ్మ పీల్చి పైనుంచి వదులుతాయి. బిగుతైన సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. లోపల చిక్కుకున్న చెమ్మ పూతను పెచ్చులు పెచ్చులుగా తోసేస్తుంది. అక్కడ సున్నం కలిపిన మాలే సరి.

ఇసుక ఊరిని బట్టి మారుతుంది. పర్లాకిమిడికి మహేంద్రతనయ, గుణుపురానికి వంశధార, రాయగడకు నాగావళి, గంజాం వైపు రుషికుల్య. ఏ నది ఇసుకైనా పూతకు జల్లించాలి. గాజు సీసాలో సగం ఇసుక వేసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు పోసి, గట్టిగా గిలకొట్టి 3 గంటలు కదపకుండా ఉంచితే పైన ఒండ్రు పొర తేలుతుంది. ఇసుక ఎత్తులో ఆ పొర 8 శాతం మించితే కడిగి వాడాలి, లేదా లారీని తిప్పి పంపాలి. మరీ మెత్తటి ఇసుక చేతికి బాగుంటుంది, మేస్త్రికి తేలిగ్గా సాగుతుంది, కానీ ఎండేటప్పుడు ఎక్కువ కుంచించుకుని నెర్రెలిస్తుంది.

ఛత్రపురం, గోపాల్‌పూర్ పక్క ఇంకో ప్రమాదం ఉంది. నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో తీసిన ఇసుకలో ఉప్పు ఉంటుంది. అది కలిసిన పూత వానాకాలంలో చెమ్మగిల్లుతుంది, ఎండితే తెల్లటి పొడి పూస్తుంది, రంగును బుడగలుగా లేపుతుంది, గోడ లోపలి ఇనుప స్విచ్చి పెట్టెలను తినేస్తుంది. మాలులో కలిపే నీటికీ ఇదే వర్తిస్తుంది. నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలే బోరు నీళ్లను మాలు కలపడానికీ, గోడ తడపడానికీ వాడకూడదు.

ఒడిశాలో ఉక్కు కర్మాగారాలు చాలా ఉన్నాయి కాబట్టి స్లాగ్ (ఇనుము కరిగించే కొలిమిలో మిగిలే చిట్టెం) కలిసిన సిమెంటు తేలిగ్గా దొరుకుతుంది. పూతకు మంచిదే. బస్తా మీద ఐఎస్ (భారతీయ ప్రమాణం) 455 అని ఉంటే స్లాగ్, ఐఎస్ 1489 అని ఉంటే బూడిద కలిసిన పీపీసీ (పోర్ట్‌ల్యాండ్ పొజొలానా సిమెంటు). రెండూ మొదట్లో నెమ్మదిగా బలం పుంజుకుంటాయి, కాబట్టి తడపడం 7 రోజులతో ఆపకుండా 10 రోజులు సాగించాలి. ఏ సిమెంటుకైనా మూడు రోజులు తడిపితే చాలని చెప్పే మేస్త్రి బస్తా మీది అక్షరాలు చదవలేదన్నమాట.

ఒక గదికి ఎంత పడుతుంది

12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకుందాం. నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు, పైకప్పు 120. ఒకటికి ఆరు మాలుతో 12 మిల్లీమీటర్ల పూతకు ప్రతి 100 చదరపు అడుగులకు సుమారు ముప్పావు బస్తా సిమెంటు, 5 నుంచి 5.5 ఘనపుటడుగుల ఇసుక పడతాయి. అంటే గోడలకు 3 బస్తాల పైచిలుకు. పైకప్పుకు పలుచగా 6 మిల్లీమీటర్లు, బలంగా ఒకటికి మూడు వేస్తే ఇంచుమించు ఒక బస్తా. తలుపు, కిటికీలు తీసేసినా, గోడ వంకరలు, రాలిన మాలు కలుపుకుని ఈ గదికి 4 నుంచి 5 బస్తాలు, 27 నుంచి 30 ఘనపుటడుగుల ఇసుక న్యాయమైన అంచనా. సామాను తనదే అంటున్న మేస్త్రి రెండున్నర బస్తాల్లో గది ముగించాడంటే పూత మందమో, పాళ్లో తగ్గాయి. సామాను ఇంటివాళ్లదై 8 బస్తాలు అయ్యాయంటే గోడ వంకరగా కట్టారని అర్థం.

ఈ రెండోదానిలో ఒక మెలిక ఉంది. ఇటుకల పని, పూత ఒకే మేస్త్రికి ఇస్తే, తన గోడ వంకరను తన పూతతోనే సరిచేస్తాడు. ఖర్చు మాత్రం ఇంటివాళ్లది. మందం 12 నుంచి 25 అయితే సిమెంటు రెట్టింపవుతుంది. పూత మొదలుపెట్టేముందు గుండు వేసి గోడ నిటారుతనం చూపించమని అడగాలి. పూతకు వేరే మేస్త్రిని పెడితే ఆయనే గోడను ముందుగా తిట్టిపోస్తాడు, ఆ తిట్లు వినడం మంచిదే.

కరెంటు గాడులు, అతుకు చోట్లు

ఇంటి లోపల పూత చీలేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి ఇటుక గోడ కాంక్రీటు స్తంభాన్నో దూలాన్నో కలిసే గీత, రెండోది కరెంటు పైపు కోసం గోడ కోసిన గాడి. కాంక్రీటు, ఇటుక ఎండకు, చలికి ఒకేలా కదలవు. ఆ గీత మీద అటు 15, ఇటు 15 సెంటీమీటర్లు వచ్చేలా కోడివల పరిచి, మేకులతో గోడకు బిగించి, దాని మీద పూయాలి. వల గోడకు అంటుకుపోకుండా, మాలు వెనక్కి దూరేలా కాస్త ఎడంగా ఉండాలి. పూత మీద వల అద్ది పైన ఇంకాస్త మాలు రాసేవాళ్లున్నారు, అది చీలికను ఆపదు.

కరెంటు పైపులు, స్విచ్చి పెట్టెలు పూతకు ముందే బిగిసి, గాడులు మాలుతో నిండి, రెండు మూడు రోజులు తడిసి ఉండాలి. పూత అయ్యాక ఎలక్ట్రీషియన్ వచ్చి కోస్తే ఆ అతుకు జీవితాంతం కనిపిస్తుంది. మంచి మేస్త్రి ఎలక్ట్రీషియన్ ముగించాడా అని అడిగి గాని పరంజా కట్టడు. పైకప్పు ముందు, గోడలు తరవాత, గోడ పైనుంచి కిందికి అన్న క్రమం కూడా ఆయన నోటనే రావాలి.

బేరం, కొలత

కూలి చదరపు అడుగుకు మాట్లాడుకుంటే వేగం పెరుగుతుంది, రోజు కూలికి పెడితే తగ్గుతుంది. జాగ్రత్తగా చేసే మేస్త్రి, సహాయకుడితో కలిసి రోజుకు 100 నుంచి 150 చదరపు అడుగులు పూస్తాడు. 300 పూస్తానని గర్వంగా చెప్పేవాడు తడపడమో, బిళ్లలు పెట్టడమో ఎగ్గొట్టినవాడు. చదరపు అడుగు లెక్కే తేలిక, కానీ తలుపులు, కిటికీలు తీసేయాలా వద్దా అన్న చోట తగాదా పడుతుంది. కట్టడపు పనుల కొలతకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1200, దాని పన్నెండో భాగం పద్ధతి అందరికీ న్యాయం: 0.5 చదరపు మీటరు, అంటే సుమారు 5.4 చదరపు అడుగుల లోపు ఖాళీలకు కోత లేదు. అక్కడి నుంచి 3 చదరపు మీటర్ల దాకా, అంటే సుమారు 32 చదరపు అడుగుల దాకా, గోడకు ఒక్క ముఖానికే కోత, పక్కల పూతకు వేరే డబ్బు లేదు. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపు 21 చదరపు అడుగులు, కాబట్టి ఒక ముఖంలో తీసేసి రెండో ముఖంలో ఉంచేస్తారు. అంతకంటే పెద్ద ఖాళీలకు రెండు ముఖాలా కోసి, పక్కలు, పైన, కింద పూసిన కొలత కలుపుతారు. ఇది ముందే రాసుకోవాలి.

బరంపురంలో ఇల్లు తెలుగువాళ్లది, మేస్త్రి ఒడియావాడు, కూలీలు కొండ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కావచ్చు. ఇసుక అంటే బాలి అని అందరికీ తెలుసు, గొడవ భాషలో రాదు, అంకెల్లో వస్తుంది. మందం ఎన్ని మిల్లీమీటర్లు, పాళ్లు ఎంత, పరంజా ఎవరిది, తడిపేది ఎవరు, గోడ కొలిచేది పూతకు ముందా తరవాతా, ఒక కాగితం మీద అంకెలు వేసి ఇద్దరూ సంతకం పెడితే చాలు. తడపడం ఎవరి పని అన్నది ఎక్కువగా మర్చిపోయే విషయం. మేస్త్రి వెళ్లిపోతాడు, వాచ్‌మన్ ఉండడు, పూత ఎండిపోతుంది.

పని రోజులు కూడా చూసుకోవాలి. చైత్రంలో గంజాం ఊళ్లలో దండ నాట వ్రతం పట్టినవాళ్లు పనికి రారు. వరి కోతలప్పుడు కూలీలు పొలాలకు వెళ్తారు. సూరత్ మగ్గాలకు వలస వెళ్లే జిల్లా ఇది, చేయి తిరిగినవాళ్లు దొరకడమే కష్టం. ఆ నెలల్లో తొందరపెడితే తాపీ పట్టడం నిన్న నేర్చుకున్నవాళ్లు గోడ మీదికి వస్తారు.

జిప్సం పూత మాటేమిటి

ఈ మధ్య అపార్టుమెంట్లలో జిప్సం పూత అడుగుతున్నారు. తడపనక్కర్లేదు, తొందరగా ఎండుతుంది, పుట్టీ ఖర్చు తగ్గుతుంది. 25 కిలోల బస్తా అర అంగుళం మందానికి సుమారు 20 చదరపు అడుగులు వస్తుంది. అయితే నీరు తగిలితే మెత్తబడుతుంది. స్నానాల గది, వంటగది సింకు గోడ, కింది అంతస్తులో నేలకు దగ్గరగా ఉండే భాగం దీనికి పనికిరావు. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపానును, 2018 అక్టోబరులో గజపతి జిల్లాను ముంచెత్తిన తిత్లీ తుపానును చూసిన ప్రాంతంలో కింది అంతస్తుకు సిమెంటు పూతే నయం. పైగా జిప్సం కలిపాక నిమిషాల్లో బిగుస్తుంది. సిమెంటు అలవాటుతో పెద్ద గుట్ట కలిపే మేస్త్రి సగం పారేస్తాడు, లేకపోతే నీళ్లు పోసి చెడగొడతాడు. దానికి విడిగా చేయి తిరిగినవాడు కావాలి.

ఒక గోడ పరీక్ష, చివరి లెక్క

ఎంపిక దాదాపు కుదిరాక కూడా మొత్తం ఇల్లు ఒకేసారి అప్పగించడం కంటే, ఒక గదిలో ఒక గోడ పూయించి వారం ఆగడం మేలు. ఆ వారం ఎలాగూ తడపాల్సిందే. తరవాత 2 మీటర్ల బద్దను నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా ఆనించి చూస్తే సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. రూపాయి బిళ్లతోనో తాపీ పిడితోనో జానెడు దూరానికొకటి తట్టాలి. గట్టి గోడ టకటక అంటుంది, డొల్ల చోట డబడబ మంటుంది. దొరికిన డొల్ల చుట్టూ సుద్దతో గీత గీసి, ఆ ముక్క తీసేయించి మళ్లీ పూయించాలి. మేకుతో గీస్తే సన్నని గీత పడాలి, ఇసుక రాలకూడదు. ఈ పరీక్ష చేయబోతున్నామని ముందే చెప్పినప్పుడు మొహం మాడ్చుకునే మేస్త్రి, సరే చూసుకోండి అనే మేస్త్రి, ఇద్దరూ అక్కడే తేలిపోతారు.

డబ్బు పూర్తయిన కొలతకు వారం వారం ఇస్తూ, పదో వంతు మాత్రం నాలుగు వారాల తరవాత, ఇల్లంతా ఒకసారి తట్టి చూసి ఇస్తామని మొదట్లోనే ఒప్పుకోవాలి. నెర్రెలు రావాలంటే ఎక్కువగా ఆ నాలుగు వారాల్లోనే వస్తాయి. పుట్టీ పని కూడా ఆ గడువు అయ్యాకే మొదలైతే, గోడలో తడి ఆరి, తట్టినప్పుడు దొరికిన డొల్లలు పుట్టీ కింద దాక్కోకుండా ఉంటాయి.